నూటిరవై ఒక్క కార్లు, ఒక బైకు

చిన్న ఈరన్నకు పుట్టి బుద్ధెరిగాక పోస్టులో ఉత్తరం రావడం అదే మొదలు. అదీ గడపలో విసిరేసి పోయే ఉత్తరం కాదు, రిజిస్టరు పోస్టు. సంతకం రాదంటే పోస్టుమ్యాన్ బొటనవేలికి సిరా పూసి నొక్కించుకున్నాడు. కర్నూలు నుంచి ఎవరో వకీలు పంపించాడప్పా అని చెప్పి, కవరు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. వకీలన్న మాటకు ఇంకొకరైతే ఉన్నచోటే కూలబడేవాళ్ళు. ఈరన్న మాత్రం ఆ కవరును రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. పన్నెండు రోజులుగా ఆయన ఎదురుచూస్తున్నది దానికోసమే మరి.

నవ్వకండి. ఆయన ఎందుకు ఎదురుచూశాడో చెబితే మీరైనా అద్దుకునేవారే.

మా సీమలో మంద పెట్టడమని ఒకటుంది. కోత అయిపోయిన పొలంలో గొర్రెల మందను ఒక రాత్రి పడుకోబెడితే, తెల్లారేసరికి నేలంతా పెంటికలు పడి మంచి ఎరువవుతుంది. అందుకు పొలంవాళ్ళే గొర్రెలాయనకు రాత్రికింతని దుడ్లిస్తారు. పైన సంగటి పెడతారు, కుక్కకూ ఒక ముద్ద వేస్తారు. ఇచ్చేవాడు పొలంవాడు, పుచ్చుకునేవాడు గొర్రెలాయన. ఈ వరస తలకిందులైన రోజు ఈరన్న తాత చూడలేదు, తండ్రి చూడలేదు. ఈరన్నకు మాత్రం కల్లూరులో ఆ యోగం పట్టింది, పట్టిన సంగతి పాపం ఆయనకే తెలియదు.

ఆ పుష్యమాసంలో నందికొట్కూరు వైపు కోసిన మళ్ళలో మందను మేపుకుని ఈరన్న ఇంటిదారి పట్టాడు. ఆయన ఊరు కోడుమూరు దగ్గరి పల్లె. కల్లూరు చేరేసరికి పొద్దు వాలింది. రోడ్డుమీద లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతున్నాయి. నూటిరవై గొర్రెలనూ ఎక్కడ ఆపాలా అని చూస్తుంటే, పెద్ద ఫంక్షన్ హాలు పక్కన కంచె వేసిన ఎర్రనేల కనిపించింది. మూడెకరాలుంటుంది, నున్నగా చదును చేశారు, గడ్డిపోచ లేదు. ఇంత నేల పిడికెడు ఎరువుకు నోచుకోలేదే అని ఈరన్నకు నిజంగానే జాలేసింది.

అది పెళ్ళిళ్ళకు వచ్చేవాళ్ళు బండ్లు పెట్టుకునే స్థలం. శూన్యమాసం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు, బండ్లూ లేవు. గేటు దగ్గర గాబ్రియేలు అనే ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ పనిలో చేరి నాలుగు రోజులే అయింది. పక్కన కొత్త మిషను ఒకటుంది. గేటు దాటి ఏది లోపలికి పోయినా అది ఫొటో తీసి ఒక చీటీ బయటికి నెడుతుంది. నాలుగు రోజులుగా అది ఒక్క చీటీ నెట్టలేదు. ఇంక తనను పనిలోంచి తీసేస్తారని గాబ్రియేలు దిగులుగా ఉన్నాడు.

ఈ రాత్రికి మంద పెట్టుకుంటారా అని ఈరన్న అడిగాడు. గాబ్రియేలు ఓనరుకు ఫోన్ చేశాడు. "సార్, నూటిరవై వచ్చినాయి. రేత్రంతా ఉంటాయంట. పెట్టుకుందామా?"

ఓనరు వంశీ ఎగిరి గంతేసిన చప్పుడు ఫోన్లోంచి ఈరన్నకు కూడా వినిపించింది. ఏదో పార్టీ మీటింగుకు వచ్చిన కార్లనుకున్నాడు వంశీ. ఒక్కదాన్ని కూడా వదలొద్దని, అన్నిటికీ చీటీ ఇమ్మని, పేరూ ఊరూ ఫోన్ నెంబరూ రాయించుకోమని ఒకటికి మూడుసార్లు చెప్పాడు. ఏమొచ్చాయని మాత్రం అడగలేదు.

ఈరన్నకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన మందను అంత ఆశగా పిలిచినవాళ్ళు అంతవరకూ లేరు. గొర్రెలు ఒక్కొక్కటే గేటు దాటాయి, మిషను ఒక్కొక్కదానికీ చీటీ ఇచ్చింది. వెనక కుక్క దాటింది, దాని వెనక ఈరన్న దాటాడు. గాబ్రియేలు చీటీలన్నీ కట్టగట్టి ఇస్తే ఈరన్న తలగుడ్డలో దోపుకున్నాడు. మామూలుగా పొలంవాళ్ళు నూటిరవైని తొంభై అని బొంకుతారు. వీళ్ళెంత ధర్మాత్ములో, గొర్రెగొర్రెకూ రసీదు ఇస్తున్నారని మురిసిపోయాడు.

పొద్దున్నే దుడ్ల మాట ఎత్తితే గాబ్రియేలు, అదంతా ఆఫీసోళ్ళే లెక్కగట్టి నీ అడ్రసుకు పంపుతారన్నాడు. ఆయన అన్నది బిల్లు సంగతి. ఈయన అనుకున్నది దుడ్ల సంగతి. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

కవరు వచ్చింది కదా, ఈరన్న దాన్ని పట్టుకుని పక్కింటి లేవి దగ్గరికి పరిగెత్తాడు. లేవికి రెండెకరాల చేనుంది, ఆదివారం గుడిలో వాక్యం చదివేది ఆయనే. తెలుగైతే గలగలా చదువుతాడు. ఇంగ్లీషులో మాత్రం అంకెలు, నాలుగైదు మాటలు, అంతే. కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని ఇటుతిప్పి అటుతిప్పి, పదిహేను రోజుల్లో ఇరవైనాలుగు వేల మూడు వందలని రాసుందన్నాడు.

ఈరన్న అరుగుమీద కూర్చుండిపోయాడు. రాత్రికి పన్నెండు వందలు వస్తే చాలనుకున్న మనిషి ఆయన.

కింద ఇంకో ముక్క కూడా ఉంది. కార్లు నూటిరవై ఒకటి, బైకు ఒకటి అని. దానికి లేవే అర్థం చెప్పాడు. మిషను టౌనుది, దానికి గొర్రె తెలీదు, నాలుగు కాళ్ళున్నదల్లా కారని రాసుకుంది. ఈరన్నకది సబబుగానే తోచింది. కాకపోతే ఒక బాధ. గొర్రెలు నూటిరవై అయితే, నూటిరవై ఒకటోది కుక్క. కుక్కకు కూడా దుడ్లు తీసుకుంటే పాపం కాదా? ఇక ఆ బైకెవరిదో ఇద్దరికీ అంతుపట్టలేదు. ఎవరిదో పొరపాటున మనలో కలిపేశారు, దుడ్లు తెచ్చినవాళ్ళకు చెప్పి తగ్గించుకోవాలని నిశ్చయించుకున్నారు.

ఇంట్లో ఈరన్న పెళ్ళాం శివలీల అంతా విని, చాటలో కొర్రలు చెరుగుతూ ఒక్క మాటంది. "దుడ్లిచ్చేవోడు ఉత్తరమెందుకు రాస్తాడయ్యా? అడిగేవోడే కదా రాసేది."

ఆడదానికి టౌను మర్యాదలేం తెలుసని ఈరన్న కొట్టిపారేశాడు. కొట్టిపారేశాడే కానీ, ఆమె చెవుల వైపు చూడగానే తల పక్కకు తిప్పుకున్నాడు. శివలీల చెవుల్లో కమ్మల్లేవు, వేపపుల్లలున్నాయి. పోయిన వానాకాలం గొర్రెలకు నీలినాలుక రోగం తగిలి రోజుకు రెండేసి పడిపోతుంటే, అడక్కుండానే చెవుల్లోవి ఊడదీసి మొగుడి చేతిలో పెట్టిన ఇల్లాలు ఆమె. అవి కోడుమూరు శెట్టి దగ్గర ఆరువేలకు కుదవకెళ్ళాయి. మందులొచ్చాయి, ఈ నూటిరవై బతికాయి. చెవి రంధ్రాలు పూడిపోకుండా ఆమె అప్పటినుంచీ వేపపుల్లలు పెట్టుకుంది. ఫాల్గుణంలో బనగానపల్లెలో ఆమె అక్క కూతురి పెళ్ళి. వేపపుల్లలతో పెళ్ళికి పోయేదాన్ని కానని తెగేసి చెప్పింది. అక్క పెళ్ళి చేస్తుంటే చెల్లెలు రాలేదంటే ఆ మాట చచ్చేదాకా ఉంటుంది. పెళ్ళినాటికి కమ్మలు నీ చెవిలో ఉంటాయని ఈరన్న మల్లయ్య స్వామి మీద ఒట్టేశాడు. ఆయన ఆశంతా ఆ కవరుమీదే.

పదిహేను రోజులు గడిచాయి. దుడ్లు రాలేదు, ఇంకో ఉత్తరం వచ్చింది. అందులో అంకె ఇరవై ఆరువేల ఏడు వందల ముప్ఫై. చూశావా, ఆలస్యమైందని వాళ్ళంతట వాళ్ళే వడ్డీ కలిపారన్నాడు లేవి. ఇంతటి మర్యాదస్థులను తానెక్కడా చూడలేదన్నాడు ఈరన్న. ఆ సాయంత్రానికి ఊరంతా తెలిసింది. గొర్రెలున్న ముగ్గురు, తమ మందలను కూడా ఆ కల్లూరు స్థలంలో పెట్టించమని ఈరన్నను బతిమాలారు. ఆయన మీసం దువ్వి, మాట్లాడి చూస్తానన్నాడు. కోడుమూరు పోయి శెట్టితో కమ్మలు మెరుగుపెట్టి ఉంచమని కూడా చెప్పొచ్చాడు. శెట్టి ఈయన్ని పైకీ కిందికీ చూసి, పెట్టిస్తానన్నాడు.

మూడో ఉత్తరం తెలుగులో వచ్చింది.

అదే చిక్కయింది. లేవి గుడిలో చదివినట్టే గొంతు సవరించుకుని గలగలా మొదలుపెట్టాడు. మీరు మా క్లయింటు వారి స్థలమునందు నిలిపిన వాహనముల బాపతు బాకీ ముప్ఫై ఒక్కవేల ఏడు వందల ముప్ఫై రూపాయలు, వారం దినములలోగా మీరు చెల్లించనియెడల, సదరు వాహనములను జప్తు చేయించి వేలము వేయించబడును. 'మీరు చెల్లించని' అన్నచోట ఆయన గొంతు నీరుగారింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. మళ్ళీ అదే ఉంది.

ఈరన్న ఆ పూట సంగటి ముట్టలేదు. దొడ్డిలోకి పోయి గొర్రెల మధ్య కూర్చున్నాడు. ఒక గొర్రెపిల్ల వచ్చి ఆయన కండువా నమలడం మొదలుపెట్టింది, అదిలించడానికి కూడా చెయ్యి లేవలేదు. భయమేసింది ఆయనకు. సిగ్గు కూడా వేసింది, భయం కంటే ఎక్కువగా. పెళ్ళాం చెవుల్లోవి తీసిచ్చి బతికించుకున్న గొర్రెలివి. వీటిని కూడా తోలుకుపోతే ఆమెకు ఏ మొహం చూపించాలి?

శివలీల దొడ్డిలోకి వచ్చింది. నేను చెప్పలేదా అంటుందని ఈరన్న తల వంచుకున్నాడు. ఆమె ఆ మాట అనలేదు. ఆ పొద్దున కల్లూరులో మందను లేపినప్పుడు కింద ఎరువు బాగా పడిందా అని అడిగింది. పడిందన్నాడు. దాన్ని నువ్వెత్తుకున్నావా అంది. మంద పెట్టినవాడు ఎరువెందుకు ఎత్తుకుంటాడే అన్నాడు ఈరన్న. పొద్దున్నే ఉత్తరాలూ చీటీల కట్టా గుడ్డలో మూటగట్టి, మొగుణ్ణి లేపి బస్సెక్కించింది.

వకీలు రాజశేఖర్ ఆఫీసు కర్నూలు పాతబస్తీలో మేడమీద ఉంది. ఆయన నెలకు ఇలాంటి నోటీసులు మూడు వందలు పంపిస్తాడు. అన్నీ ఒకే అచ్చు. పేరు, బండ్ల సంఖ్య, అంకె మాత్రం టైపిస్టు నింపుతుంది, ఈయన చదవకుండా సంతకం పెడతాడు. భయపడినవాళ్ళు కడతారు, భయపడనివాళ్ళు చించేస్తారు. ఉత్తరం పట్టుకుని మనిషి రావడం అదే మొదటిసారి. ఫైలు తెరిచి చూస్తే నూటిరవై ఒక్క కార్లు. రాజశేఖర్ గబుక్కున లేచి నిలబడ్డాడు. భార్యాభర్తలకు కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. ఇన్ని బండ్లున్న ఆసామి ఇంత సాదాగా తలగుడ్డతో వచ్చాడంటే తాతలనాటి డబ్బయి ఉంటుందనుకున్నాడు.

ట్రావెల్స్ నడుపుతారా అని అడిగాడు. ఊరూరా తిప్పుతామన్నాడు ఈరన్న. ఏ కంపెనీవి అని అడిగాడు. కంపెనీవి కాదు సార్, అన్నీ ఇంట్లో పుట్టినవే అన్నాడు ఈరన్న. వకీలు టీ గుటక వేసి, మోడలేది అన్నాడు.

"శానా వరకు ఎర్రవి సార్. ఇరవై నల్లవి ఉండాయి. మొన్న పదకొండు ఈనినాయి."

టీ వకీలు ముక్కులోంచి బయటికొచ్చింది. టైపిస్టు పరిగెత్తుకొచ్చి వీపు నిమిరింది. ఈరన్న కంగారుపడి, అదే సార్, ఒకటి కుక్క, దాన్ని తీసెయ్యమని చెప్పడానికే వచ్చినాము, ఆ బైకు కూడా మాది కాదు, దేవుడి తోడు అన్నాడు. వకీలు ఫైల్లోని ఫొటోలు తిరగేశాడు. గొర్రె, గొర్రె, గొర్రె. నూటిరవై ఒకటోది నాలుక బయటపెట్టిన కుక్క. దాని వెనక, భుజాన గొంగడి వేసుకుని, మిషను వైపు చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఈరన్న. కింద 'బైకు' అని అచ్చయి ఉంది. రెండు కాళ్ళు కదా మరి.

"బైకు నువ్వేనప్పా" అన్నాడు వకీలు నీరసంగా.

ఇంకొకరైతే అక్కడితో చాలించేవారు. కానీ రాజశేఖర్ వకీలు. చొక్కా తుడుచుకుని సర్దుకున్నాడు. చీటీ వెనక చూడమన్నాడు. లోపలికి వచ్చిన దేనికైనా సరే రుసుము కట్టాలని ఉంది, గొర్రె అయితే కట్టనక్కర్లేదని ఎక్కడా లేదు. పోనీ పేదవాళ్ళు కాబట్టి సగం కట్టండి, ఫైలు మూసేస్తానన్నాడు.

అప్పటిదాకా టీ గ్లాసు ముట్టకుండా కూర్చున్న శివలీల అప్పుడు నోరు విప్పింది. "సగమెందుకు సార్, మొత్తం కడతాం. గొర్రెలమ్మి అయినా కడతాం. మీ స్థలంలో మా సొత్తు ఉండిపోయింది, అది మాకు ఇచ్చేయండి."

ఏం సొత్తమ్మా అన్నాడు వకీలు.

"ఎరువు. నూటిరవై గొర్రెలు రేత్రంతా ఏసిన ఎరువు. నాలుగు మూటలకు తక్కువుండదు. బాడిగకు బండి పెట్టుకున్నోని బండిలో సామాన్లు మీవవుతాయా? మందను వాహనాలంటిరి కదా, మరి అవి దించిన సరుకు మాదే. మా సరుకు మాకు తూకమేసి ఇచ్చి బాకీ తీసుకోండి. ఆ గొర్రెల ఎరువే కావాల, ఇంకోదైతే ఒప్పుకోము."

రాజశేఖర్ కలం కింద పెట్టాడు. ఆయనా పల్లెలో పుట్టినవాడే. మంద పెట్టడమంటే ఏంటో వాళ్ళ నాన్న చిన్నప్పుడు చూపించాడు, ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తాను మూడుసార్లు సంతకం పెట్టి పంపిన ఉత్తరాల్లో మంద ఎంతో, ఏ గంటకు వచ్చిందో, ఏ గంటకు లేచిందో, నిమిషాలతో సహా ఉంది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ గొర్రెలాయన దగ్గరా ఉండదు. ఫోన్ తీసి వంశీకి కలిపి, అందరికీ వినిపించేలా బల్లమీద పెట్టి, ఆ స్థలంలో గొర్రెల ఎరువు ఏమైందని అడిగాడు.

ఆ చెత్తా అన్నాడు వంశీ. అది ఆ పొద్దున్నే మా నాన్న ఊడ్పించి ఆటోలో వేసుకుని మామిడి తోటకు పట్టుకుపోయాడన్నాడు. అంతలో అవతల ఎవరో ఫోన్ లాక్కున్నారు. వంశీ తండ్రి ఓబులేసు. గొంతు మేడ కింది దాకా వినిపించింది.

"ఆ మందాయప్ప దొరికినాడా? నెలన్నర నుంచీ ఆ మంద యాడిదని ఊరూరా అడుగుతాండా గదప్పా! గేటుకాడి ముసలాయప్పకు ఊరి పేరు గుర్తులేకపాయ, తోటలో పది రేత్రులు పెట్టించుకుందామని ఎంత తిరిగితిని. ఏమిరా వంశీ, అడ్రసు నీ దగ్గర పెట్టుకొని ఆయప్పకే నోటీసులిస్తాండావా? మంద పెట్టినోన్ని దుడ్లడిగినామని తెలిస్తే మనకు పిల్లనిచ్చేదెవరురా?"

తర్వాత కాసేపు ఫోన్లో తండ్రీకొడుకుల సంసారం జరిగింది. అది మనకెందుకు. అరగంటలో ఓబులేసు కండువాతో చెమట తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. ఈరన్న చేతులు రెండూ పట్టుకుని, పిల్లోనికి తెలీదప్పా, ఏమనుకోవద్దన్నాడు. ఆ రాత్రి తాలూకు పన్నెండు వందలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ మూటల ఎరువు పడిన చెట్ల పూత చూసి తీరాలన్నాడు. బనగానపల్లె దగ్గరి తోటలో పది రాత్రుల మందకు ఆరువేలు బయానా కూడా శివలీల చేతిలోనే పెట్టాడు, ఈరన్న చేతిలో పెట్టలేదు. తెలివైన ముసలాయన.

మరి నా ఫీజు అన్నాడు రాజశేఖర్. మీ ఇంటెనక జామచెట్టుందన్నావు కదా, ఒక రాత్రి అక్కడ మంద పెట్టిస్తాలే అన్నాడు ఓబులేసు. వకీలు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

రాజీ కాగితం రాయాలి కదా. టైపిస్టు దగ్గర ఉన్నది ఆ ఒక్క అచ్చే. అందుకని కాగితంలో ఇలా పడింది: సదరు నూటిరవై ఒక్క కార్లు, ఒక బైకు, ఓబులేసు గారి మామిడి తోటయందు పది రాత్రులు పడుకొనుటకును, అందుకు ఓబులేసు గారు కార్లకు మేతా, బైకుకు సంగటీ పెట్టుటకును ఉభయులూ అంగీకరించిరి. ఈరన్న వేలిముద్ర వేశాడు. ఆయనకిప్పుడు అది అలవాటైపోయింది.

కోడుమూరులో బస్సు దిగి నేరుగా శెట్టి కొట్టుకు పోయారు. శెట్టి ఈసారి ఈరన్నను పైకీ కిందికీ చూడలేదు, దుడ్లు చూశాడు. కమ్మలు తెచ్చి బల్లమీద పెట్టాడు. మెరుగు పెట్టించలేదు, పెట్టిస్తానని మాటకన్నాడంతే. శివలీల అక్కడే నిలబడి వేపపుల్లలు తీసి పారేసి కమ్మలు పెట్టుకుంది. ఒక చెవికి మర బిగుసుకోకపోతే ఈరన్న వంగి బిగించాడు.

"ఇంకెప్పుడూ ఇవి తీయనీయనే" అన్నాడు.

ఆమె శెట్టి అద్దంలో ఒకసారి ఇటూ అటూ చూసుకుంది. కళ్ళు కొంగుతో ఒత్తుకుని, అక్కకు ఫోన్ చేసి పెళ్ళికి వస్తున్నామని చెప్పింది. తర్వాత చీటీల మూట మొగుడి చంకలో పెట్టి మెట్లు దిగింది.

"పద బైకూ, గొర్రెలు ఆకలిమీదుంటాయి" అంది.